మూడో మోడెమ్‌తోనూ తెగిపోతున్న కనెక్షన్: ఒక కేస్ స్టడీ

ఇళ్లలోని కేబుల్ ఇంటర్నెట్ కనెక్షన్లను సరిచేయడం నా వృత్తి. నా దగ్గరికి వచ్చే ఫిర్యాదుల్లో చాలావరకు అరగంటలో తేలిపోతాయి. వదులైన కనెక్టరో, చెడిపోయిన అడాప్టరో, గోడల చాటున పడిన వైఫై రూటరో కారణంగా బయటపడుతుంది. ఇక్కడ రాస్తున్నది అంత సులువుగా తేలని కేసు. మొదటిసారి వెళ్లినప్పుడు నేను ఇందులో సగం లోపాన్నే పట్టుకుని, అంతా పట్టుకున్నాననుకుని వచ్చేశాను. కాబట్టి లోపం ఎక్కడుందన్నదే కాకుండా, అది నా కంట పడకుండా ఎలా తప్పించుకుందన్నది కూడా వివరంగా రాస్తున్నాను.

ఫిర్యాదు

అది రెండంతస్తుల ఇల్లు. ఇంటాయన ఇంటి నుంచే ఉద్యోగం చేస్తారు కనుక పగలంతా వీడియో సమావేశాల్లో ఉంటారు. ఆయన చెప్పిన ప్రకారం రోజుకు ఏడెనిమిదిసార్లు నెట్ పోయేది. పోయిన ప్రతిసారీ మోడెమ్ మీద ఆన్‌లైన్ దీపం ఆరిపోయి, అప్‌స్ట్రీమ్ (ఇంటి నుంచి సర్వీసు సంస్థ వైపు వెళ్లే సిగ్నల్) దీపం మినుకుమినుకుమంటూ ఉండేది. మూడు నుంచి ఐదు నిమిషాల్లో దానంతటదే వచ్చేది, లేకపోతే ఆయనే మోడెమ్ స్విచ్ కట్టేసి మళ్లీ వేసేవారు. నేను వెళ్లేసరికే రూటర్‌ను ఒకసారి, మోడెమ్‌ను రెండుసార్లు మార్చి ఉన్నారు. అంటే అప్పుడు బల్ల మీద ఉన్నది మూడో మోడెమ్. కొత్తది పెట్టిన ప్రతిసారీ రెండు రోజులు బాగా నడిచి, ఆ తర్వాత పాత పాటే మొదలైందని చెప్పారు.

మాటల మధ్యలో ఆయన ఇంకో సంగతి కూడా అన్నారు: "వాన పడిన రోజుల్లో మాత్రం బాగానే ఉంటుందండి." నేను దాన్ని రాసుకోలేదు. కేబుల్ పనిలో ఉన్నవాళ్లకు వాన అంటే లైన్లు పాడయ్యే కాలం, బాగుపడే కాలం కాదు. ఏదో కాకతాళీయంగా జరిగి ఉంటుందనుకుని వదిలేశాను.

వైఫై సంగతి ముందు తేల్చడం

నెట్ పోయిందన్న మాటకు మూడు అర్థాలుంటాయి. ఫోన్‌కీ రూటర్‌కీ మధ్య వైఫై తెగి ఉండవచ్చు, రూటర్‌కీ మోడెమ్‌కీ మధ్య తెగి ఉండవచ్చు, మోడెమ్‌కీ సర్వీసు సంస్థకీ మధ్య తెగి ఉండవచ్చు. వీటిని విడదీయకుండా ఏ పరికరాన్నీ మార్చకూడదని నా నియమం. ల్యాప్‌టాప్‌ను ఈథర్‌నెట్ తీగతో రూటర్‌కు కలిపి, తెర మీద మూడు కిటికీల్లో మూడు పింగ్‌లు (అవతలి యంత్రం జవాబిస్తోందో లేదో చూసే చిన్న సందేశాలు) ఆగకుండా నడిపాను. ఒకటి రూటర్ చిరునామాకు, రెండోది మోడెమ్‌కు, మూడోది సర్వీసు సంస్థ వైపున్న మొదటి గేట్‌వేకు. మోడెమ్ లోపలి పేజీ దాదాపు అన్ని కేబుల్ మోడెముల్లోనూ 192.168.100.1 అనే చిరునామాలోనే ఉంటుంది. బయటి లైన్ తెగిపోయి ఉన్నా అది జవాబిస్తుంది. అందుకే ఆ రెండో పింగ్ ఇంత పనికొస్తుంది.

అరగంట లోపే ఒకసారి కనెక్షన్ పోయింది. మొదటి రెండు పింగ్‌లు ఒక్క లెక్క కూడా తప్పకుండా జవాబిస్తూనే ఉన్నాయి, మూడోది మాత్రమే ఆగిపోయింది. దీంతో వైఫై, రూటర్, వాటి మధ్య తీగలు అన్నీ అనుమానం నుంచి బయటపడ్డాయి. రూటర్ కొన్న డబ్బు వృథా అయిందని ఆ క్షణంలోనే తేలింది కానీ ఆ మాట నేను పైకి అనలేదు.

మోడెమ్ రాసుకున్న చిట్టా

మోడెమ్ పేజీలో చూడవలసినవి రెండు: సిగ్నల్ పట్టిక, ఈవెంట్ లాగ్. చాలామంది మోడెమ్‌ను ముందు రీస్టార్ట్ చేసి తర్వాత ఈ పేజీ చూస్తారు, నేను మాత్రం చూసేదాకా ఎవరినీ స్విచ్ ముట్టుకోనివ్వను. కొన్ని మోడెములు స్విచ్ ఆపగానే లెక్కలన్నీ చెరిపేస్తాయి. చెరపకపోయినా, మోడెమ్ మళ్లీ మొదటి నుంచి లైన్‌తో కుదురుకుని వస్తుంది కనుక, తెగిన క్షణంలో ఉన్న స్థాయిలు ఇక కనిపించవు.

మోడెమ్ ఆన్‌లైన్‌కు రావడం ఒక్క అడుగులో జరగదు. ముందు అది డౌన్‌స్ట్రీమ్ (సర్వీసు సంస్థ నుంచి ఇంటి వైపు వచ్చే) చానెల్‌ను వెతికి పట్టుకుంటుంది. ఏ పౌనఃపున్యంలో తిరిగి మాట్లాడాలో ఆ చానెల్ ద్వారానే తెలుసుకుంటుంది. తర్వాత సర్వీసు సంస్థ చివరనున్న సీఎంటీఎస్ అనే యంత్రానికి రేంజింగ్ సందేశం పంపి, తన సిగ్నల్ ఎంత బలంగా, ఏ సమయానికి చేరుతోందో అడుగుతుంది. అది కుదిరాకనే ఐపీ చిరునామా, గడియారం, కాన్ఫిగరేషన్ ఫైలు వరసగా వస్తాయి, చివర్లో నమోదు పూర్తవుతుంది. రేంజింగ్ అక్కడితో అయిపోదు, కనెక్షన్ ఉన్నంతసేపూ కొన్ని సెకన్లకోసారి సాగుతూనే ఉంటుంది. పంపిన సందేశానికి 200 మిల్లీసెకన్లలో జవాబు రాకపోతే దాన్ని టీ3 టైమౌట్ అంటారు. వరసగా 16 ప్రయత్నాలూ విఫలమైతే మోడెమ్ ఆ చానెల్‌ను వదిలేస్తుంది. ఇక రేంజింగ్‌కు అవకాశమే దాదాపు 30 సెకన్ల పాటు అందకపోతే అది టీ4 టైమౌట్.

ఈ ఇంటి లాగ్ నిండా ఒకే వాక్యం కనిపించింది: "స్టార్టెడ్ యూనికాస్ట్ మెయింటెనెన్స్ రేంజింగ్, నో రెస్పాన్స్ రిసీవ్డ్, టీ3 టైమౌట్." దాని కింద అక్కడక్కడ 16 టీ3లు వరసగా వచ్చాయన్న పంక్తి ఉంది. డీహెచ్‌సీపీ (ఐపీ చిరునామా తెచ్చుకునే అడుగు) విఫలమైన జాడ లేదు, డౌన్‌స్ట్రీమ్ పట్టు తప్పిన జాడ కూడా లేదు. సీఎంటీఎస్ మాట మోడెమ్‌కు వినిపిస్తోంది, మోడెమ్ మాటే సీఎంటీఎస్‌కు చేరడం లేదు.

లాగ్‌లో ఇంకో వివరం పనికొచ్చింది. కొన్ని పంక్తుల పక్కన 1970 జనవరి 1 తేదీ ఉంది. ఇది చూసి ఇంటాయన మోడెమ్ గడియారం పాడైందనుకున్నారు. నిజానికి మోడెమ్‌లో తేదీని గుర్తుంచుకునే బ్యాటరీ ఉండదు కనుక, ప్రతి పవర్ ఆన్ తర్వాత అది 1970 నుంచి లెక్క మొదలుపెట్టి, నెట్‌వర్క్ నుంచి సమయం అందాక సరిచేసుకుంటుంది. ఆ పంక్తులు ఎన్నిచోట్ల ఉన్నాయో చూసి, మీరు ఎప్పుడెప్పుడు స్విచ్ ఆపి వేశారో చెప్పండని అడిగితే రెండూ సరిపోయాయి. ఆయన చేయి పడనప్పుడు మోడెమ్ ఒక్కసారి కూడా దానంతటది రీబూట్ కాలేదు. అడాప్టర్‌నూ, మోడెమ్ వేడెక్కుతోందేమోనన్న అనుమానాన్నీ దీంతో పక్కన పెట్టాను.

సిగ్నల్ పట్టికలో డౌన్‌స్ట్రీమ్ చానెళ్లు మైనస్ 6 నుంచి మైనస్ 9 డీబీఎంవీ (సిగ్నల్ బలాన్ని డెసిబెళ్లలో చెప్పే కొలత) మధ్య ఉన్నాయి. కేబుల్ ఇంటర్నెట్‌కు వర్తించే డాక్సిస్ ప్రమాణం మైనస్ 15 నుంచి ప్లస్ 15 దాకా ఒప్పుకుంటుంది, మేము మాత్రం మైనస్ 7, ప్లస్ 7 మధ్య ఉండాలని చూస్తాం. కాబట్టి కొంచెం నీరసమే కానీ, ఎస్‌ఎన్‌ఆర్ (రొదతో, అంటే నాయిస్‌తో పోలిస్తే సిగ్నల్ ఎంత బలంగా ఉందన్న కొలత) 36 డెసిబెళ్లకు తగ్గలేదు, సరిచేయలేని కోడ్‌వర్డ్‌లు (దారిలో చెదిరిన డేటా ముక్కలు) వేళ్ల మీద లెక్కపెట్టేటన్నే ఉన్నాయి. అసలు విషయం అప్‌స్ట్రీమ్‌లో ఉంది. నాలుగు చానెళ్లకు నాలుగూ 51 డీబీఎంవీ చూపిస్తున్నాయి.

ఈ అంకెను చదవడంలో చాలామంది తడబడతారు. డౌన్‌స్ట్రీమ్ స్థాయి ఎక్కువుంటే మంచిదని, అప్‌స్ట్రీమ్ కూడా అంతేనని అనుకుంటారు. అప్‌స్ట్రీమ్ స్థాయి మోడెమ్ ఎంత గట్టిగా అరవవలసి వస్తోందో చెబుతుంది. ప్రతి ఇంటి సిగ్నలూ తన దగ్గరికి ఒకే స్థాయిలో చేరాలని సీఎంటీఎస్ కోరుకుంటుంది. దారిలో నష్టం ఎక్కువైతే గొంతు పెంచమని మోడెమ్‌కు చెబుతుంది. అందువల్ల ఆ అంకె నిజానికి దారిలోని నష్టానికి కొలత. డాక్సిస్ 3.0 మోడెమ్ నాలుగు చానెళ్ల మీద 64 క్వామ్ అనే పద్ధతిలో సిగ్నల్ పంపేటప్పుడు ఒక్కో చానెల్‌కు ఇవ్వగలిగిన గరిష్ఠం 51 డీబీఎంవీయే. అంటే ఈ మోడెమ్ గొంతు చించుకుని అరుస్తోంది, ఇంకా పెంచమంటే పెంచడానికి ఏమీ మిగల్లేదు.

మొదటి మరమ్మతు

అంత నష్టం ఎక్కడిదని తీగ వెంట వెళితే, పై అంతస్తు అటకలో స్ప్లిట్టర్లు (ఒక కేబుల్ సిగ్నల్‌ను పలు దారులుగా చీల్చే దిమ్మలు) దొరికాయి. బయటి నుంచి వచ్చిన కేబుల్ రెండు దారుల స్ప్లిట్టర్‌లోకి, దాని ఒక దారి నాలుగు దారుల స్ప్లిట్టర్‌లోకి, దాని ఒక దారి మోడెమ్‌కు వెళుతున్నాయి. రెండు దారుల స్ప్లిట్టర్ సుమారు 3.5 డెసిబెళ్లు, నాలుగు దారులది సుమారు 7 డెసిబెళ్లు తినేస్తాయి. రెండూ కలిపి 10.5. నాలుగు దారుల స్ప్లిట్టర్‌లో రెండు దారులు ఏ పరికరమూ లేకుండా తెరిచే ఉన్నాయి. వాటికి 75 ఓమ్‌ల టెర్మినేటర్ మూతలు కూడా లేవు. ఇలా తెరిచి వదిలిన దారుల్లోంచి చొరబడే రొద ఆ ఇంటితో ఆగదు. ఒక ప్రాంతంలోని ఇళ్లన్నింటి అప్‌స్ట్రీమ్ రొదా చివరికి ఒకే చోటికి చేరుతుంది కనుక, ఒకరి అటకలోని తెరిచిన పోర్టు పక్కింటి కనెక్షన్‌ను కూడా కుంగదీయగలదు.

రెండు దారుల స్ప్లిట్టర్ నుంచి ఒక దారిని నేరుగా మోడెమ్‌కు ఇచ్చి, టీవీలన్నింటినీ నాలుగు దారుల దాని మీదికి మార్చాను. ఖాళీ దారులకు మూతలు బిగించాను. ముందు 10.5 ఉన్న నష్టం 3.5కు దిగింది, అంటే 7 డెసిబెళ్ల మిగులు. డౌన్‌స్ట్రీమ్ సరిగ్గా లెక్క ప్రకారమే పెరిగి ప్లస్ 1, మైనస్ 2 మధ్య నిలిచింది. అప్‌స్ట్రీమ్ 44కు దిగాలి కానీ 45.5 దగ్గర ఆగింది. దీనికి నేను చెప్పుకున్న కారణం తప్పు కాదు. ముందు కనిపించిన 51 నిజమైన అవసరం కాదు, ఇంటి కప్పులా మోడెమ్‌ను ఆపేసే గరిష్ఠ హద్దు. అసలు అవసరం 52.5 అయి ఉంటుంది, సీఎంటీఎస్ తక్కువతోనే సర్దుకుంటోంది. అంతవరకు తర్కం సరైనదే. ఆ కప్పు కింద ఇంకేం దాగి ఉండవచ్చో మాత్రం నేను ఆలోచించలేదు. నాలుగు చానెళ్లూ ఒకే అంకె చూపడం ఆరోగ్యం కాదు. నాలుగూ కప్పుకు తగిలి ఆగినప్పుడు వాటి మధ్య తేడాలు కనిపించవు.

అప్పుడు మధ్యాహ్నం మూడు దాటింది. ఇంకో గంట కూర్చున్నాను, ఒక్క టీ3 కూడా రాలేదు. బయటి గోడ మీదున్న చిన్న ఇనుప పెట్టెను చూశాను. దాని మూత తుప్పు పట్టి బిగుసుకుపోయి ఉంది, అంకెలన్నీ బాగున్నాయి కదా అని తెరవకుండానే వచ్చేశాను.

మూడో రోజున ఫోన్ వచ్చింది. తెగడం రోజుకు ఏడెనిమిది నుంచి రెండు మూడుకు తగ్గింది కానీ ఆగలేదు. ఇలాంటి పాక్షిక మెరుగుదల కన్నా ఏమీ మారకపోవడమే నయం. మారకపోతే మన ఊహ తప్పని తెలుస్తుంది. సగం తగ్గితే ఊహ సరైనదేనని, మిగిలింది ఏదో చిల్లర లోపమని అనిపిస్తుంది. స్ప్లిట్టర్లు మోడెమ్‌ను అంచుకు నెట్టాయి, నిజమే. అంచు నుంచి కిందికి తోస్తున్నది వేరే ఉంది.

నాలుగు రోజుల లెక్క

రెండోసారి నేను ఏ కనెక్టరూ ముట్టుకోలేదు. పాత ల్యాప్‌టాప్ ఒకటి అక్కడే వదిలి, నిమిషానికోసారి మోడెమ్ సిగ్నల్ పేజీని సమయంతో సహా దాచిపెట్టేలా చిన్న స్క్రిప్ట్ రాసి పెట్టాను. పింగ్ ఫలితాలూ పక్కనే నమోదవుతున్నాయి. ఇంటాయనకు ఒక్కటే చెప్పాను: "నాలుగు రోజులు ఎంత చిరాకేసినా స్విచ్ మాత్రం ఆపకండి." ఆయన ఆ మాట నిలబెట్టుకున్నారు. ఈ కేసులో అన్నిటికన్నా కష్టమైన పని అదేనని నా అభిప్రాయం.

నాలుగు రోజుల అంకెలను గీతగా వేసి చూస్తే, మూడు రోజులు ఒకే ఆకారం వచ్చింది. రాత్రంతా అప్‌స్ట్రీమ్ 45.5 దగ్గర నిశ్చలంగా ఉంది. ఉదయం 9:40 ప్రాంతంలో కదలడం మొదలై, ఓ ముప్పావు గంట ఎగిరిపడుతూ, తర్వాత మళ్లీ 45.5కు వచ్చి నిలబడింది. సాయంత్రం ఏడు దాటాక మరోసారి అదే ఆట. టీ3లన్నీ ఆ రెండు సమయాల్లోనే ఉన్నాయి. నాలుగో రోజు మాత్రం గీత పొద్దున నుంచి రాత్రి దాకా చదునుగా ఉంది, ఒక్క టీ3 కూడా లేదు. ఆ రోజు పొద్దున్నుంచీ ముసురు.

వాన రోజుల గురించి ఆయన అన్న మాట అప్పుడు గుర్తొచ్చింది. తడి వల్ల వచ్చే లోపమైతే వానలో ముదరాలి. ఇది వానలో నయమవుతోందంటే తడితో దీనికి పని లేదు, ఉష్ణోగ్రత మారడంతోనే పని. ముసురు రోజున గోడ వేడెక్కదు, సాయంత్రం చల్లబడేది కూడా ఉండదు. మోడెమ్ మార్చినప్పుడల్లా రెండు రోజులు బాగుండటం గురించి అడిగితే, రెండోసారి మార్చిన రోజుల్లో మబ్బుగా ఉన్నట్టు ఆయనకు గుర్తుంది. మొదటిసారి సంగతి గుర్తులేదు.

వేడికి తీగలోనే నష్టం పెరుగుతోందేమో అన్న ప్రశ్నను లెక్కతోనే తోసిపుచ్చవచ్చు. కోయాక్సియల్ కేబుల్ నష్టం సుమారు ప్రతి 5.5 డిగ్రీల సెల్సియస్‌కు ఒక శాతం మారుతుంది. 30 మీటర్ల ఆర్‌జీ6 రకం కేబుల్ తీగ 30 మెగాహెర్ట్జ్ దగ్గర పోగొట్టేదే ఒకటిన్నర డెసిబెల్ లోపు. 20 డిగ్రీల మార్పు వచ్చినా తేడా డెసిబెల్‌లో పదో వంతు కూడా కాదు. ఇక్కడ కనిపిస్తున్నది ఐదు డెసిబెళ్లకు పైబడిన ఊపు.

ఆ ఊపులోని ఇంకో లక్షణమే దారి చూపింది. నాలుగు చానెళ్లూ ఒకేలా ఎగరలేదు. 19 మెగాహెర్ట్జ్ దగ్గరున్న అట్టడుగు చానెల్ 45.5 నుంచి 51కి ఎగబాకినప్పుడు, 38 మెగాహెర్ట్జ్ దగ్గరున్న పై చానెల్ రెండు డెసిబెళ్లే పెరిగింది. 500 మెగాహెర్ట్జ్‌కు పైనున్న డౌన్‌స్ట్రీమ్ చానెళ్లు అసలు కదలలేదు. కేబుల్‌లోకి నీరు దిగితే దీనికి తిరగబడిన చిత్రం వస్తుంది, ఎక్కువ పౌనఃపున్యాలు ముందు దెబ్బతింటాయి. తక్కువ పౌనఃపున్యాలు మాత్రమే నష్టపోతున్నాయంటే, ఎక్కడో నడిమి తీగకూ దాన్ని పట్టుకునే లోహపు పట్టుకూ మధ్య సన్నటి ఎడమో, చిలుము పొరో ఉండి, అది చిన్న కెపాసిటర్‌లా పనిచేస్తోందన్నమాట. ఎక్కువ పౌనఃపున్యాలు ఆ ఎడాన్ని దూకేస్తాయి, తక్కువవి ఆగిపోతాయి. 75 ఓమ్‌ల లైన్‌లో 35 పికోఫారడ్‌ల కెపాసిటర్ అడ్డుపడితే ఎంత నష్టమో కాగితం మీద లెక్క వేశాను. 19 మెగాహెర్ట్జ్ దగ్గర ఐదున్నర, 38 దగ్గర రెండు, 500 దగ్గర లెక్కలోకి రానంత. నా గీతకు అచ్చంగా అతికింది. నెట్ పోయినా టీవీ బొమ్మ ఎప్పుడూ చెదరలేదని ఇంట్లోవాళ్లు చెప్పిన దానికీ కారణం ఇదే.

కనుక వెతకవలసింది పాడైన తీగను కాదు, ఒక అతుకును. అది ఎండ పడే చోట ఉండాలి.

పెట్టె తెరిచాక

ఇంటి తూర్పు గోడ మీద, స్తంభం నుంచి వచ్చిన కేబుల్ ఇంట్లోకి దిగే చోట, నేను తెరవకుండా వదిలేసిన పెట్టె ఉంది. అందులో గ్రౌండ్ బ్లాక్ ఉంటుంది. బయటి కేబుల్‌నూ లోపలి కేబుల్‌నూ కలుపుతూ, కేబుల్ నడిమి తీగ చుట్టూ ఉండే లోహపు అల్లికను ఎర్తింగ్ తీగకు జోడించే చిన్న లోహపు దిమ్మ అది. మూతను నూనె వేసి విప్పాను. ఏ కనెక్టరైనా ఊడదీసే ముందు దిమ్మకూ ఎర్త్‌కూ మధ్య వోల్టేజీ ఉందేమో టెస్టర్‌తో చూడడం తప్పనిసరి. ఇంటి న్యూట్రల్ తీగలో లోపముంటే కరెంటు కేబుల్ అల్లిక గుండా ఎర్త్‌కు పోతూ ఉండవచ్చు, అప్పుడు దాన్ని విప్పిన చేతికే షాక్ తగులుతుంది. ఇక్కడ అలాంటిదేమీ లేదు.

విప్పడానికి ముందే రుజువు కావాలనుకున్నాను, ఎందుకంటే ఊడదీసి మళ్లీ బిగిస్తే చాలు, ఇలాంటి అతుకు కొన్నాళ్లు బాగైపోయి సాక్ష్యం పోతుంది. సాయంత్రం నాలుగు గంటలు, తూర్పు గోడ నీడలో ఉంది, అప్‌స్ట్రీమ్ 45.5. జుట్టు ఆరబెట్టుకునే డ్రయర్‌తో ఆ దిమ్మకు రెండు నిమిషాలు వేడిగాలి పట్టించాను. లోపల ల్యాప్‌టాప్ ముందు కూర్చున్న ఇంటాయన అంకెలు బిగ్గరగా చదువుతున్నారు: "నలభై ఆరు... నలభై ఎనిమిదిన్నర... యాభై అండి, యాభై." డ్రయర్ ఆపిన కొన్ని నిమిషాలకు అది మళ్లీ దిగొచ్చింది. ఆ తర్వాత మోడెమ్‌ను బయటికి తెచ్చి, ఇంటి వైరింగ్ ఏదీ లేకుండా దిమ్మకే నేరుగా కలిపి చూస్తే అదే ఊపు. దిమ్మను కూడా తప్పించి, స్తంభం నుంచి వచ్చిన కేబుల్‌కు కొత్త కనెక్టర్ వేసి మోడెమ్‌కు ఇస్తే ఊపు మాయం. ఈ మోడెమ్‌ను గోడ దగ్గరికి తెచ్చి చూసే పరీక్ష పది నిమిషాల పని. మొదటి రోజే చేసి, పేజీని ఒక ఉదయమంతా గమనించి ఉంటే రెండో ప్రయాణం తప్పేది. ఒకవేళ బయటి కేబుల్‌కు నేరుగా కలిపినా ఊపు తగ్గకపోతే లోపం స్తంభం వైపున ఉన్నట్టు, అక్కడి నుంచి అది సర్వీసు సంస్థ చేయవలసిన పని.

ఊడదీసిన కనెక్టర్‌ను వెలుతుర్లో పెట్టి చూశాను. పాత తరహా క్రింప్ కనెక్టర్, నీరు చొరకుండా ఆపే రబ్బరు రింగు లేదు. అంచుల చుట్టూ పచ్చని చిలుము, లోపల తెల్లటి పొడి. నడిమి తీగ కనెక్టర్ అంచు దాటి సుమారు 3 మిల్లీమీటర్లు బయటికి రావాలి, ఇది ఒక మిల్లీమీటరే వచ్చింది. బిగించినవారెవరో తీగను పొట్టిగా కత్తిరించారు. ఆర్‌జీ6 నడిమి తీగ చాలావరకు రాగి పూత పూసిన ఉక్కే. దీని కొస దగ్గర ఆ పూత లేచిపోయి ఉక్కు నల్లబడింది. ఈ పౌనఃపున్యాల్లో విద్యుత్తు తీగ పైపొరలోనే ప్రవహిస్తుంది. రాగిలో ఆ పొర మందం 19 మెగాహెర్ట్జ్ దగ్గర ఒక మిల్లీమీటరులో సుమారు అరవై ఐదో వంతు మాత్రమే. కాబట్టి పూత పోయిన చోట తీగ లోపల ఎంత ఉక్కు మిగిలినా ప్రయోజనం లేదు.

ఉదయం, సాయంత్రం ఏం జరిగేదో ఇప్పుడు ఊహించడం కష్టం కాదు. నడిమి తీగ కొస దిమ్మలోని స్ప్రింగు పట్టుకు అంటీ అంటనట్టు ఉంది. కేబుల్‌లోని ప్లాస్టిక్ పొరలు వేడికి లోహం కన్నా చాలా ఎక్కువ సాగుతాయి, చల్లబడితే అంతే ముడుచుకుంటాయి. ఎండ పడినప్పుడూ, ఎండ తగ్గి గోడ చల్లబడినప్పుడూ తీగ కొస వెంట్రుకవాసి కదిలి, చిలుము పొర మీద కొత్త చోటు వెతుక్కునేది. అది కుదురుకునేదాకా కనెక్షన్‌కు కుదురు లేదు.

మరమ్మతు చిన్నదే. రెండు వైపులా కేబుల్‌ను మెరిసే అల్లిక కనిపించేదాకా వెనక్కి కోశాను, బయటి వైపు పది సెంటీమీటర్లు పోయింది. కంప్రెషన్ రకపు కొత్త కనెక్టర్లు వేసి, అల్లిక పోగు ఒక్కటి కూడా నడిమి తీగకు తగలకుండా చూసి, తెల్లటి ఇన్సులేషన్ కనెక్టర్ అడుగుతో సమంగా కూర్చుందని నిర్ధారించుకున్నాను. దిమ్మను మార్చాను. వేళ్లతో బిగిసినంత బిగించి, 11 మిల్లీమీటర్ల స్పానర్‌తో మరో పావు చుట్టు తిప్పాను. ఇంతకన్నా బిగిస్తే దిమ్మ మర పాడవుతుంది. కేబుల్ పెట్టెలోకి వెళ్లే ముందు కిందికి ఒక వంపు వదిలాను, కేబుల్ వెంట జారే వాన నీరు ఆ వంపు దగ్గరే కారిపోతుంది. ఎర్తింగ్ తీగను శుభ్రం చేసి తిరిగి కలిపాను.

తర్వాతి రెండు వారాలు

ల్యాప్‌టాప్‌ను ఇంకో 14 రోజులు అక్కడే ఉంచాను. అప్‌స్ట్రీమ్ 43.5కు దిగింది, అంటే ఆ అతుకు కుదురుగా ఉన్నట్టు కనిపించిన వేళల్లో కూడా రెండు డెసిబెళ్లు తినేస్తూనే ఉంది. ఎండలోనూ, రాత్రిలోనూ ఆ అంకె ఒక డెసిబెల్ లోపే మారింది. లాగ్‌లో టీ3 పంక్తి ఒక్కటీ చేరలేదు. సరిచేసిన కోడ్‌వర్డ్‌ల లెక్క మాత్రం పెరుగుతూ వచ్చింది. దాన్ని చూసి ఇంటాయన కంగారుపడి ఫోన్ చేశారు. అవి దారిలో చెదిరినా మోడెమ్ తిరిగి కూర్చుకోగలిగినవే, పెరగకూడనివి పక్క వరసలోని సరిచేయలేనివని చెప్పాను. ఆ వరస పద్నాలుగు రోజుల్లో కదలలేదు.

డౌన్‌స్ట్రీమ్‌లో ఎక్కువ పౌనఃపున్యాల వైపు స్థాయి కొంచెం తగ్గుతూ పోయే వాలు మిగిలింది. అది అటక నుంచి మోడెమ్ దాకా గోడలో ఉన్న పాత ఆర్‌జీ59 రకం తీగ వల్ల. హద్దుల్లోనే ఉంది కనుక గోడ తవ్వనవసరం లేదని కేసు పుస్తకంలో రాసి ముగించాను. అదే పేజీలో పైన, ఫిర్యాదు రాసే చోట, వాన గురించి ఆయన మొదటి రోజు అన్న వాక్యాన్ని ఆలస్యంగానైనా చేర్చాను. మొదటి రెండు మోడెముల్లో ఒకటి ఆయన అల్మరాలో ఇంకా ఉంది. తెచ్చి లైన్‌కు కలిపి ఒక రోజంతా చూశాను, ఏ లోపమూ లేదు.